పుంజా, పెట్టా?



మీ గ్రంథాలయ రజతోత్సవ సభలో నన్ను మాటలాడుమని కార్యదర్శిగారు కోరినప్పుడు "ఏ విషయమును గూర్చి?" అని అడిగితిని. "మీకు తెలిసిన విషయమును గూర్చి" అని వారు సెలవిచ్చిరి. నాకు ముందు మాటలాడిన పెద్దలు సాహిత్యమును గూర్చియు, గ్రంథాలయోద్యమమును గూర్చియు చక్కగా ముచ్చటించిరి. నేను ముప్పది యేండ్లు పల్లెటూళ్ళ పశువైద్యశాలలలో కాంపౌండరుగా పనిచేసి విశ్రాంతి తీసికొన్నవాడను. నాకు తెలిసినవి పశువులును, కోళ్ళును. కావున కోడిపిల్లలలో పుంజేదో, పెట్టయేదో తెలిసికొనుట యెట్లు అను విషయము నెన్నుకొంటిని. ఈ మాట వినగానే వెనుక బల్లలపై కూర్చున్న కుర్రవారు నవ్వుచున్నారు. ముందు చాపలపై కూర్చున్న అమ్మలు మాత్రము నవ్వుట లేదు. ఇది చిన్న విషయము కాదని వారికి తెలియును.

1935లో పెదవడ్లపూడి, కొల్లిపరల నడుమ కాలువపై పడవలో పుస్తకములు నింపుకొని పల్లెలకు తీసికొనిపోయిన మహనీయులు మన దేశమున ఉండిరి. జనము పుస్తకము వద్దకు రాలేనప్పుడు పుస్తకమే జనము వద్దకు పోవలెనని వారు తలచిరి. నేడు పెరటికోడిని గ్రంథాలయములోనికి తెచ్చుట ఆ దారికి విరుద్ధము కాదని నా నమ్మకము.

పల్లెలో పెరటికోళ్ళు ఇల్లాలి సొత్తు. పంట డబ్బు మగవాని చేతికి వచ్చును. పాల డబ్బు తరచుగా అప్పులవాని చేతికి పోవును. గ్రుడ్ల డబ్బు మాత్రము ఆమె కొంగుముడిలో నిలుచును. పిల్లవాని పలకయు, అమ్మాయి నోటు పుస్తకమును, ముసలామె మందుగోలియు ఆ ముడిలోనుండియే వచ్చును. నాటుపెట్ట యేడాదికి 60, 80 గ్రుడ్లకంటె ఎక్కువ పెట్టదు. అయినను అందులో కొన్ని పొదిగించి, కొన్ని ఇంట వాడుకొని, కొన్ని అమ్ముకొన్నచో బీదకుటుంబమునకు అది నికరమైన రాబడి. ఎనిమిది, పది పెట్టలకు ఒక పుంజు చాలును. తక్కిన పుంజులు పెరిగినకొలది మేత తినుటయే గాక తమలో తాము పోరాడుకొని గాయపడును. కనుక పుంజులను అమ్మి పెట్టలను నిలుపుకొనవలెను. అందరికిని తెలిసిన సూత్రమే. చిక్కెక్కడ ననగా, బేరగాడు గంపతో గుమ్మము ముందు నిలుచునప్పటికి పిల్లల వయస్సు ఐదారు వారములు. అప్పుడు ఏది పుంజు, ఏది పెట్ట?

ఈ ప్రశ్నకు నేను ఒకప్పుడు చెప్పిన తప్పుడు జవాబును మీకు విన్నవించెదను. ఉద్యోగమున చేరిన రెండవ యేట ఒక గ్రామములో ఒక వితంతువు నన్ను పిలిచి, తన కోడిపిల్లలను చూపినది. పదునొకండు పిల్లలు, వయస్సు ఐదు వారములు. బేరగాడు అరుగుమీద కూర్చుండి యున్నాడు. ఆమెకు అప్పుడు డబ్బు కావలెను. నేను చదివిన పుస్తకమున, నిటారుగా నిలుచునవి, కాళ్ళు లావుగా నుండునవి పుంజుపిల్లలని ఉన్నది. పిల్లలకేసి ఒక్క నిమిషము చూచి, నాలుగింటిని వేరుచేసి, "ఇవి పుంజులు, అమ్ముకొనుము" అని చెప్పితిని. ఆమె మారుమాటాడక అమ్మివేసినది.

మూడు నెలల పిదప అదే వీథిని పోవుచుండగా ఆమె ఇంటిలో కోడికూత వినబడెను. ఒకటి కాదు, మిగిలిన యేడింటిలో నాలుగు పుంజులే. నేను అమ్మించిన వానిలో రెండింటిని ప్రక్క వీథివారు బేరగానివద్ద కొనియుండిరి. అవి త్వరలోనే వారి గూటిలో గ్రుడ్లు పెట్టసాగినవి. ఆమె నన్ను నిష్ఠురమాడలేదు. "ఏం చేస్తాం బాబూ, మీ పుస్తకంలో మా కోడి లేదు కాబోలు" అన్నది. అంతమాత్రమే.

ఆ మాట ముప్పది యేండ్లుగా నా చెవిలో నున్నది. ఆమె చెప్పినది అక్షరాల నిజము. నా పుస్తకము తెల్ల లెగ్‌హార్న్ కోళ్ళను గూర్చి వ్రాసినది. ఆమె పెట్టకు అసీలు జాతి రక్తము కలదు. అసీలు పిల్లలు పుంజులైనను పెట్టలైనను నిటారుగా నిలుచును; వాటి కాళ్ళును లావే. తల్లిని బోలిన పిల్లలను నేను పుంజులుగా లెక్కించితిని. నేను చూచినది జాతి, చెప్పినది లింగము.

కనుక ఇవ్విషయమున నేను పిదప నేర్చుకొన్నదానిని క్రమముగా మనవి చేసెదను.

మొదట నమ్మరానివానిని తొలగించుకొందము. మొన గల గ్రుడ్డులో పుంజును, గుండ్రని గ్రుడ్డులో పెట్టయు పుట్టునని మన యూళ్ళలో అనుకొందురు. ఈ నమ్మకము మనకే పరిమితము కాదు. గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ తన జంతుశాస్త్ర గ్రంథమున పొడుగైన మొన గ్రుడ్లలో పెట్టలు పుట్టునని వ్రాసెను. రోమను వ్యవసాయ గ్రంథకర్త కొలుమెల్లా సరిగా దానికి విరుద్ధముగా, పుంజులు కావలెనన్న మొన గ్రుడ్లనే పొదిగింపుడని వ్రాసెను. ఇద్దరును పెద్దలే, ఇద్దరి మాటయు నిజము కానేరదు. గ్రుడ్డు ఆకారము పెట్టను బట్టి వచ్చును గాని లోపలి పిల్లను బట్టి రాదు. దారమునకు ఉంగరము కట్టి గ్రుడ్డుపై వ్రేలాడదీయుట, పిల్లను మెడపట్టి యెత్తి కాళ్ళు ముడుచునో చాచునో చూచుట మొదలగునవియు ఇట్టివే. ఇట్టి పరీక్షలు బ్రతికియుండుటకు కారణ మొకటి కలదు. పుట్టు పిల్లలలో రమారమి సగము పుంజులు, సగము పెట్టలు. కావున కన్నులు మూసికొని చెప్పినను సగము సార్లు నిజమగును. నిజమైన సగమును మనము చెప్పుకొందుము. తప్పిన సగమును మరచిపోదుము.

అసలు లింగనిర్ణయ మెట్లు జరుగును? మనుష్యులలో బిడ్డ ఆడో మగో తండ్రినుండి వచ్చు బీజమును బట్టి యుండును. కోళ్ళలో ఇది తారుమారు. పుంజులో 'జడ్' అను క్రోమోసోములు రెండుండును. పెట్టలో ఒక 'జడ్', ఒక 'డబ్ల్యూ' ఉండును. తల్లి తన 'జడ్'ను ఇచ్చిన గ్రుడ్డు పుంజగును; 'డబ్ల్యూ'ను ఇచ్చినది పెట్టయగును. అనగా కోడిపిల్ల పుంజగుటకును పెట్టయగుటకును కారణము తల్లియే. మనుష్యులలో తల్లికి ఇందు ప్రమేయమే లేదు. అయినను ఆడపిల్లను కన్నదని కోడలిని నిందించు ఇండ్లు ఇంకను ఉన్నవి. గర్భములోని బిడ్డ లింగమును తెలుపుట నేరమని 1994లో చట్టము చేయవలసి వచ్చినది. కోళ్ళగూటివద్ద పెట్ట పుట్టినదని సంతోషించు మనము ఇంటిలోనికి రాగానే మారిపోవుట యేమి న్యాయమో ఎవరికివారు ఆలోచించుకొనవలెను.

పుట్టిననాడే పిల్లను గుర్తించు విద్య లేకపోలేదు. జపాను శాస్త్రజ్ఞులు మసుయి, హషిమోతో అనువారు ఒకనాటి పిల్ల మలద్వారములోని సన్నని గుర్తును చూచి లింగము తెలుపు పద్ధతిని కనిపెట్టిరి. 1933లో వారి పుస్తకము ఇంగ్లీషున వెలువడెను. అది చాల కాలము శిక్షణ పొందినవారికే సాధ్యము. ఇంటివద్ద ఎవరును ప్రయత్నింపరాదు. నొక్కినచో లేతపిల్ల లోపల గాయపడి చచ్చును. ఇక, కొన్ని సంకరజాతులలో మొదటి నాడే రెక్క చూచి చెప్పవచ్చును. పెట్టపిల్లకు రెక్కలోని పొడుగు ఈకలు వాటిని కప్పు పొట్టి ఈకలకంటె బాగుగా సాగియుండును. పుంజుపిల్లకు రెండును సమానముగా నుండును. మరికొన్ని సంకరజాతులలో నూగు రంగే చెప్పును. తల్లి తన ఒక్క 'జడ్'ను కొడుకులకే యిచ్చును గనుక, దానిలోని గుణము కొడుకులలోనే కనబడునట్లు తండ్రిని ఎన్నుకొందురు. కేంబ్రిడ్జిలో పన్నెట్ అను శాస్త్రజ్ఞుడు ఈ సూత్రముననుసరించి, రంగుచేతనే ఆడమగలు తెలియు ఒక జాతిని 1929లో తయారుచేసెను. కాని ఇవన్నియు తల్లిదండ్రుల జాతులు నిశ్చయముగా తెలిసినప్పుడే పనిచేయును. మన పెరటిలో పిల్లల తండ్రి ఎదురింటి పుంజో, పక్కవీథి పుంజో ఎవరు చెప్పగలరు?

ఈ విద్యకు చీకటి ముఖమును కలదు. గ్రుడ్లకై పెంచు జాతులలో పుంజుపిల్ల గ్రుడ్డు పెట్టదు, మాంసమునకు త్వరగా పెరుగదు. కనుక ప్రపంచమంతట పెద్ద పొదుగు కేంద్రములలో అట్టి పిల్లలను పుట్టిననాడే చంపివేయుట వాడుకయైనది. జర్మనీ దేశము 2022 జనవరి నుండి దీనిని నిషేధించినది. పిల్ల పుట్టకముందే గ్రుడ్డులోనే లింగమును కనుగొను యంత్రములు అక్కడ వచ్చినవి. పెరటిలో పుంజుపిల్లకు సైతము రెండు మూడు నెలల యెండ, మట్టి, తల్లి రెక్కల వెచ్చదనము దక్కును. తొందరపడకుండుటకు ఇదియు ఒక కారణము కావలెను.

ఇక పెరటిలో చూడవలసిన గుర్తులు. వీటిని వయస్సుతో కలిపి జ్ఞాపకముంచుకొనుడు.

మొదటి మూడు వారములలో నాటుపిల్లను బయటినుండి చూచి ఏమియు చెప్పవీలులేదు. రొమ్ము విరిచి పోట్లాడునది పుంజనుకొనుట తప్పు. పెట్టపిల్లలును అట్లే పోట్లాడును.

నాలుగైదు వారములలో ఈకలు వచ్చు తీరును చూడుడు. సామాన్యముగా పెట్టపిల్లకు తోకయు, వీపును ముందుగా నిండును. పుంజుపిల్లకు తోక మొండిగాను, భుజములు, వీపు బోసిగాను కొన్నాళ్ళుండును. కాని అసీలు వంటి జాతులలో అన్ని పిల్లలకును ఈకలు ఆలస్యముగనే వచ్చును. కనుక ఇది అనుమానమునకే గాని నిర్ణయమునకు చాలదు.

ఆరు మొదలు ఎనిమిది వారములలో జుట్టును, గడ్డము క్రింది తమ్మెలను చూడుడు. రంపపు పండ్ల వంటి ఒంటిజుట్టు గల జాతులలో పుంజుపిల్ల జుట్టు మొదలు వెడల్పయి, ఎర్రబడి, తమ్మెలు సాగనారంభించును. పెట్టపిల్ల జుట్టు అప్పటికి సన్నగా, పాలిపోయి యుండును. అసీలు జాతికి జుట్టు బఠాణీగింజలు మూడు వరుసలుగా పేర్చినట్లు తలకు అంటుకొని యుండును. దానిలో ఈ భేదము ఆలస్యముగా తెలియును. మధ్యప్రదేశపు కడక్‌నాథ్ జాతికి జుట్టే నల్లగా నుండును గనుక ఎరుపునకై వెదుకరాదు, పరిమాణమునే చూడవలెను.

పది మొదలు పదునాలుగు వారములలో ఈకల కొనలను చూడుడు. పిల్లను చేతిలోనికి తీసికొని, తోకకు ముందు నడుముమీద నుండు ఈకలను వ్రేలితో విడదీసి చూడవలెను. కొన సన్నగా, కోసుగా, మెరయుచు ప్రక్కలకు జారినచో పుంజు. కొన గుండ్రముగా నున్నచో పెట్ట. మెడ ఈకలును ఇట్లే యుండును. మెడ బోసికోళ్ళలో నడుమునే చూడవలెను. తెల్లకోడికైనను, నల్లకోడికైనను ఈక ఆకారము పనికివచ్చును. అన్ని గుర్తులలో ఇదియే మేలైనది.

కూత మూడు నెలలు మొదలు ఐదు నెలలలోపల సామాన్యముగా వచ్చును. కొన్ని ముందే కూయును. పెద్ద పుంజు ఉన్న పెరటిలో చిన్న పుంజులు భయపడి చాల కాలము కూయకుండుటయు కలదు. కనుక కూయనిదెల్ల పెట్ట కాదు. కాలిముల్లును నమ్మరాదు. ముసలి పెట్టలకును ముల్లు పెరుగుట నేను చూచితిని.

ఈ గుర్తులలో జుట్టును, ఈకను ప్రత్యేకముగా చెప్పుటకు ఒక కారణము కలదు. 1849లో జర్మనీలో బెర్తోల్డ్ అను వైద్యుడు వృషణములు తీసివేసిన పుంజుపిల్లల జుట్టు పెరుగకుండుటను, తిరిగి వృషణమును కడుపులో అమర్చినచో జుట్టు పెరుగుటను చూపెను. అనగా జుట్టునకు మూలము వృషణమునుండి రక్తములో చేరు రసము. ఈక సంగతి వేరు. వృషణములు తీసినను పుంజు ఈకలు పుంజు ఈకలుగనే యుండును. పెట్ట ఈకను గుండ్రముగా చేయునది పెట్ట అండాశయమునుండి వచ్చు ఈస్ట్రోజెన్ అను రసము. అది లేనిచో ఈక కోసుగా పెరుగును. కాబట్టి జుట్టు ఒక సాక్షి, ఈక మరియొక సాక్షి. ఇద్దరును ఒకరితో నొకరు మాటాడుకొని వచ్చిన సాక్షులు కారు. ఇద్దరి మాటయు ఒక్కటైనప్పుడు నమ్మవచ్చును. కలియనప్పుడు మరి రెండు వారములు వేచియుండుటయే న్యాయము. నేను ఆనాడు సాక్షిని విచారింపక, నిలుచున్న తీరు చూచి శిక్ష వేసితిని.

ఇందులోనే మరియొక సంగతి తేటపడును. పెట్టలో ఎడమ అండాశయ మొక్కటే పనిచేయును. రోగముచేత అది చెడినప్పుడు, వయసు మీరిన పెట్ట పుంజు ఈకలు తొడిగి, జుట్టు పెంచి, ఒక్కొక్కప్పుడు కూయును గూడ. దానిని అరిష్టమని తలచి మెడ విరిచి పారవేయువారున్నారు. 1474లో స్విట్జర్లండులోని బాసెల్ నగరమున, గ్రుడ్డు పెట్టిన నేరమునకు ఒక పుంజును విచారించి బహిరంగముగా కాల్చివేసిరి. అదియు ఇట్టి పెట్టయే అయియుండవచ్చును. కూసిన పెట్ట రోగి, అపశకునము కాదు. దానివలన ఇంటికి రాగల కీడల్లా గ్రుడ్లు రాకపోవుటయే.

ఇంక ఒక్క మాట చెప్పి ముగించెదను. నేను చెప్పినదానిలో ఒక లోపమున్నది. నాలుగు వారములు, ఆరు వారములు అని నేను చెప్పిన లెక్కలు సామాన్యమైనవి. మీ యూరి కోడి ఏ వారమున జుట్టు ఎర్రబరచునో ఏ పుస్తకమును చెప్పదు. హైదరాబాదులోని రాజేంద్రనగర్‌లో 1988లో నెలకొన్న కోళ్ళ పరిశోధన కేంద్రము పెరటి పెంపకమునకై వనరాజ, గ్రామప్రియ అను రకములను తయారుచేసినది. మీలో కొందరు వాటిని తెచ్చియున్నారు. అవి మన నాటుకోళ్ళతో కలిసి పుట్టించు పిల్లల తీరు ఇంకను వేరు. కనుక ఒకే పొదుగులో పుట్టిన పిల్లలను ఒకదానితో ఒకటి పోల్చి చూడుడు. నా మాటతోగాని, పుస్తకముతోగాని పోల్చకుడు.

అందుకు నా ప్రార్థన ఇది. ఈ గ్రంథాలయమునకు నేడు ఒక తెల్లకాగితముల పుస్తకమును సమర్పించుచున్నాను. దీనిలో అచ్చు అక్షర మొక్కటియు లేదు. కోడిపిల్లలు పుట్టిన యింటివారు ప్రతి పిల్ల కాలికి ఒక్కొక్క రంగు దారము వదులుగా కట్టి, కాలు లావైనకొలది మార్చుచు, నాలుగవ వారమున, ఎనిమిదవ వారమున, పండ్రెండవ వారమున తమకు తోచినది ఇందులో వ్రాయవలెను. "ఎర్రదారము, జుట్టు పాలిపోయినది, పెట్ట అనుకొంటిమి" అని వ్రాసిన చాలును. ఆరు నెలలకు నిజమేమైనదో దాని ప్రక్కనే వ్రాయవలెను. తప్పినదానిని కొట్టివేయరాదు. వ్రాయలేని అమ్మలకు బడిపిల్లలు వ్రాసిపెట్టవలెను. ఇందాక నవ్విన కుర్రవారికి ఈ పని అప్పగింపుమని కార్యదర్శిగారిని కోరుచున్నాను.

మూడు నాలుగేండ్లు ఇట్లు జరిగినచో, బేరగాడు గంపతో వచ్చిననాడు ఈ యూరి ఇల్లాలు ఎవరిని అడుగవలసిన పని యుండదు. ఈ గ్రంథాలయములో ఆమె కోడి ఉన్న పుస్తక మొకటి ఉండును. మొదటి పుట నేనే నింపితిని. ఐదవ వారమున పదునొకండు పిల్లలను చూచి నాలుగింటిని పుంజులని చెప్పినట్లును, అది తప్పినట్లును అందు వ్రాసియున్నాను. రెండవ పుట మీది.